‘ఇప్పుడు నేనెక్కడున్నాను?’

(లూయీ బ్రెయిల్ జయంతి నాటి స్మారకోపన్యాసం)



జనవరి 4న లూయీ బ్రెయిల్ పేరు మీద మాట్లాడమంటే ఎవరైనా ఆరు చుక్కల లిపి గురించే మాట్లాడతారు. మాట్లాడాలి కూడా. అయితే ఆయన చేసిన పనుల్లో అంతగా ప్రచారానికి రానిది ఒకటుంది. ఇవాళ నేను చెప్పబోయే విషయానికి అదే మూలం కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను. 1829లో తన లిపిని అచ్చు వేయించాక కూడా బ్రెయిల్‌కి ఒక లోటు కనిపిస్తూనే ఉంది. అంధులు ఒకరికొకరు రాసుకోగలుగుతున్నారు. ఇంటి దగ్గరున్న అమ్మానాన్నలకి ఉత్తరం రాయాలంటే మాత్రం మళ్లీ ఇంకొకరి చెయ్యి కావాలి. అందుకని 1839లో మామూలు ఫ్రెంచి అక్షరాల ఆకారాల్నే చుక్కలతో కాగితం మీద పొడిచే పద్ధతి ఒకటి తయారుచేశాడు. ఒక్కో అక్షరానికి బోలెడు చుక్కలు పొడవాలి, పేజీ పూర్తయ్యేసరికి చేతులు పడిపోతాయి. ఆయన స్నేహితుడు ఫూకో యంత్రాలు చేయడంలో దిట్ట, ఆయనకీ చూపు లేదు. 1841లో ఆ పద్ధతి కోసమే పది మీటలున్న యంత్రాన్ని తయారుచేశాడు. మీటలు నొక్కుతూ పోతే అక్షరం పడుతుంది. చూపులేని మనిషి రాసిన ఉత్తరాన్ని చూపున్న మనిషి మధ్యలో ఎవరి సాయమూ లేకుండా చదువుకున్నాడు.

అంతకు ముందే, 1808 నాటికే, ఇటలీలో పెల్లెగ్రీనో తుర్రి అనే ఆయన చూపు పోయిన కరోలీనా ఫాంతోని అనే జమీందారిణి కోసం ఒక రాత యంత్రం చేసి ఇచ్చాడు. ఆ యంత్రం మిగల్లేదు. దాని మీద ఆమె కొట్టిన ఉత్తరాలు మిగిలాయి. కీబోర్డంటే చూపున్నవాళ్ల వస్తువనీ, దాన్ని ఎలాగోలా సర్దుబాటు చేసి అంధుల చేతికిస్తున్నామనీ అనుకునేవాళ్లు నాకు ఇప్పటికీ తారసపడుతుంటారు. మీటలు నొక్కి రాయడమనే ఆలోచన చరిత్రలో మొదటి పేజీల్లోనే చూపులేనివాళ్లున్నారు. మౌస్ ఎప్పుడో ఆ తర్వాత వచ్చింది.

స్క్రీన్ రీడర్ గురించి ఈ సభలో కొందరికి చూచాయగానే తెలిసి ఉంటుంది, ముఖ్యంగా పిల్లల వెంట వచ్చిన తల్లిదండ్రులకి. తెర మీదున్న రాతని, బటన్లని, మెనూలని మాటగా మార్చి వినిపించే ప్రోగ్రామది. బ్రెయిల్ చుక్కలు లేచే పరికరం తగిలిస్తే వేళ్లకి కూడా అందిస్తుంది. మానిటరు వెలుగుతోందా, ఆరిపోయి ఉందా అన్నదానితో దానికి పనిలేదు. 1978లో కారు ప్రమాదంలో చూపు పోయిన టెడ్ హెంటర్ అనే అమెరికన్ పెట్టిన కంపెనీ నుంచి 1989లో ‘జాస్’ వచ్చింది. ఆయన అంతకుముందు మోటార్‌సైకిల్ పందేల్లో పోటీపడేవాడు. జాస్ చాలా మంచి సాధనమే కానీ మామూలు ఇంటివాళ్లు కొనగలిగే ధర కాదు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు ‘ఎన్.వి.డి.ఎ.’ రాయడం మొదలుపెట్టాడు. జేమ్స్ టే అనే మరో అంధుడు ఆయనతో కలిశాడు. దాన్ని ఎవరైనా డబ్బు కట్టకుండా తీసుకోవచ్చు, లోపలి కోడ్ కూడా తెరిచే ఉంటుంది. మన పుణెలో పెరిగిన టి.వి. రామన్ 1995లో ‘ఈమాక్‌స్పీక్’ విడుదల చేశారు. ఆయన తెర మీది బొమ్మని చదివించడంతో ఆగలేదు, మొదటి నుంచీ చెవి కోసమే మలిచిన పనిచోటు ఒకటి నిర్మించుకున్నారు. ఈ సాధనాల్లో గొప్పవనదగ్గవి చాలావరకు అంధులే తమకోసం తయారుచేసుకున్నారు.

సాధనం ఉచితంగా దొరుకుతున్నప్పుడు ఇక మిగిలిందల్లా నేర్పడం. నా మాటలన్నీ దాని గురించే.

మన దగ్గర ఎక్కువ చోట్ల నడిచే పాఠం ఎలా ఉంటుందో చెబుతాను. కంట్రోల్ సి అంటే కాపీ, కంట్రోల్ వి అంటే పేస్ట్, ఆల్ట్ ఎఫ్4 అంటే మూసెయ్యడం. ఎక్కాల్లాగా అప్పజెప్పిస్తారు. కోర్సు ముగిసేనాటికి పిల్లలు వంద షార్ట్‌కట్లు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. అలాంటి విద్యార్థి ఒకరు వర్డ్‌లో ఉత్తరం టైపు చేస్తుంటారు. ఇంతలో ఎక్కణ్నుంచో ఒక చిన్న పెట్టె పైకొస్తుంది, ఏదో అప్‌డేట్ చేయమంటారా అని. లేదా బొటనవేలు తగిలి ఆల్ట్ నొక్కుకుపోతుంది, టైపు చేస్తున్న అక్షరాలన్నీ మెనూలోకి ఆదేశాలుగా వెళ్లిపోతుంటాయి. స్పీకరు తెలియని మాటలు పలుకుతుంది. విద్యార్థి రెండు చేతులూ కీబోర్డు మీద నుంచి పైకెత్తేసి అంటాడు: “సార్, పోయింది.”

ఈ మాట వినని శిక్షకుడు ఉండడు. ఏం పోయిందని అడిగితే విద్యార్థి చెప్పలేడు. నిజానికి ఏదీ పోలేదు. ఉత్తరం ఉన్నచోటే ఉంది, తనే ఇంకోచోట ఉన్నాడు. ఆ వంద షార్ట్‌కట్లలో ఒక్కటి కూడా ఇప్పుడు అక్కరకు రాదు, ఎందుకంటే ప్రతిదీ ఫలానా చోట ఉన్నప్పుడు పనిచేసేది, తనెక్కడున్నాడో తనకి తెలియదు. శిక్షకుడు వచ్చి మౌస్ పట్టుకుని రెండు క్లిక్కుల్లో సరిచేసి, “ఇప్పుడు కానివ్వు” అంటాడు. మంచి మనసుతోనే చేస్తాడు. కానీ ఆ రెండు క్లిక్కుల వల్ల విద్యార్థికి నేర్చుకునే అవకాశం పోయింది. ఉద్యోగంలో చేరాక ఆ సారు పక్కన ఉండరు.

చేతికర్ర శిక్షణ చరిత్ర చూసినప్పుడు నాకు దీనికి దారి దొరికింది. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికులు అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రికి వచ్చేవారు. 1944 ప్రాంతంలో అక్కడ రిచర్డ్ హూవర్ అనే శిక్షకుడు పొడవాటి తేలికపాటి కర్రతో నడిచే పద్ధతిని తీర్చిదిద్దాడు. వేయబోయే అడుగుకి ముందే కర్ర ఆ చోటుని తాకి చూస్తుంది, ఎడమ కాలు కదిలితే కర్ర కుడివైపుకి, కుడికాలు కదిలితే ఎడమవైపుకి. అప్పటిదాకా కర్ర అంటే ఊతం లేదా గుర్తు, ఇప్పుడది నేల సంగతి చెప్పే సాధనమైంది. ఆ తర్వాత అయోవా రాష్ట్రంలో కెన్నెత్ జెర్నిగన్, పుట్టుకతోనే అంధుడు, 1958 నుంచి అక్కడి అంధుల సంస్థని నడుపుతూ ఇంకో అడుగు ముందుకేశారు. దారుల్ని బట్టీ పట్టించడం మానేసి, దారి కనుక్కోవడం నేర్పాలన్నారు. అదే బాటలో 1985లో లూసియానాలో మొదలైన అంధుల శిక్షణ కేంద్రంలో విద్యార్థికి ఒక పరీక్ష ఉంటుంది. వాహనంలో ఎక్కించుకుని నాలుగు సందులు తిప్పి, ఊళ్లో ఏదో తెలియని చోట దింపేసి వెళ్లిపోతారు. ఎండ ఏ వైపు నుంచి తగులుతోంది, బళ్లు ఎటు పోతున్నాయి, నేల ఎటు వాలుతోంది అన్నవి చూసుకుంటూ, దాదాపు ఎవరినీ అడగకుండా కేంద్రానికి తిరిగి రావాలి.

కీబోర్డు తరగతికి ఈ పద్ధతి అచ్చంగా సరిపోతుందని నా నమ్మకం. కోర్సు చివర్లో ఒక పరీక్షగా పెట్టి ఊరుకుంటే చాలదు, మొదటి వారం నుంచే మొదలుపెట్టాలి. విద్యార్థికి ముందుగా నేర్పవలసింది తప్పిపోయినప్పుడు ఏం చేయాలన్నది. ఫైలు తెరవడం, దాచుకోవడం తర్వాత వస్తాయి.

మా తరగతిలో ఎలా చేస్తామో చెబుతాను. మొదటి రోజు కంప్యూటర్ అసలు ఆన్ చేయం. ఎఫ్ మీద, జె మీద చిన్న గీతలు పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి మీద రెండు చూపుడు వేళ్లూ ఆనితే మిగతా వేళ్లకి స్థానం దొరుకుతుంది. కుడిపక్క అంకెల మీటల్లో 5 మీద కూడా అలాంటి గుర్తే ఉంటుంది. పై వరుసలో ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉన్న మీటలు పెద్ద కీబోర్డులో నాలుగేసి చొప్పున మధ్యలో ఖాళీలతో ఉంటాయి, లెక్కపెట్టక్కర్లేకుండా ఎఫ్5 వేలికి తగులుతుంది. పైన ఎడమ మూల ఎస్కేప్, కింద ఎడమ మూల కంట్రోల్. మూలల్ని మొదట పరిచయం చేసుకోమంటాను. ల్యాప్‌టాప్ అయితే ఈ సుఖాల్లో సగం ఉండవు. మీటలు కరుచుకుపోయి ఉంటాయి, కింద టచ్‌ప్యాడ్‌కి అరచెయ్యి తగిలితే కర్సర్ ఎక్కడికో ఎగిరిపోతుంది. కొత్తవాళ్ల కోసం దాన్ని ఆపేసి ఉంచడం మంచిది. నేర్చుకోవడానికి తీగ ఉన్న పెద్ద కీబోర్డు ఒకటి కొనమని తల్లిదండ్రులకి చెబుతుంటాను. పెద్ద ఖర్చు కాదు.

ఇంకో సంగతి. విద్యార్థి వేలు పట్టుకుని మీట మీదకి నెట్టకూడదు. అది వాళ్ల చేతిని మనం వాడుకోవడం అవుతుంది. మన చెయ్యి కింద ఉంచి, దానిమీద వాళ్ల చెయ్యి పెట్టుకోమనాలి. ఇష్టం లేకపోతే తీసేసుకునే స్వేచ్ఛ అప్పుడు వాళ్లదే. చిన్న పిల్లలతో, ముఖ్యంగా ఆడపిల్లలతో, ఇది పాటించని శిక్షకుణ్ని తరగతిలోకి రానివ్వకూడదన్నంత గట్టిగా నేను నమ్ముతాను.

రెండో రోజు కంప్యూటర్ ఆన్ చేసి, ఇన్సర్ట్ నొక్కి ఉంచి అంకె 1 కొట్టమంటాం. అప్పుడు ఏ మీట నొక్కినా స్క్రీన్ రీడర్ దాని పేరు చెబుతుంది తప్ప ఆ మీట పని చేయదు. ఎంత కొట్టినా ఏదీ చెడిపోదు. భయం పోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఒక పూటంతా వాళ్లని అలా వదిలేస్తాను. పదేళ్ల పిల్లలైతే మీటల పేర్లతో ఆటలు కట్టేస్తారు. యాభై ఏళ్ల పెద్దమనిషి, మధుమేహంతో చూపు పోగొట్టుకున్నాయన, ఒక్కో మీటా నొక్కి నెమ్మదిగా పైకి చెప్పుకుంటారు. ఇద్దరూ నేర్చుకుంటారు.

ఆ తర్వాత ప్రశ్న. ఇప్పుడు నేనెక్కడున్నాను? దీనికి జవాబు చెప్పే మీటలు మూడున్నాయి, జాస్‌లోనూ ఎన్.వి.డి.ఎ.లోనూ ఒకటే. ఇన్సర్ట్‌తో టి కొడితే ఏ విండోలో ఉన్నామో శీర్షిక చెబుతుంది. ఇన్సర్ట్‌తో ట్యాబ్ కొడితే ఆ విండోలో ఏ వస్తువు మీద ఉన్నామో చెబుతుంది. ఇన్సర్ట్‌తో బి కొడితే పైకొచ్చిన పెట్టెలో ఉన్నదంతా చదువుతుంది. వీటితో పాటు బయటపడే దారులు కొన్ని: తెరుచుకున్న మెనూని మూయడానికి ఎస్కేప్, ఇంకో విండోకి పోవడానికి ఆల్ట్ ట్యాబ్, అన్నిటినీ పక్కకి తోసి డెస్క్‌టాప్‌కి రావడానికి విండోస్ మీటతో డి. గొంతు ఆగకుండా చదువుకుపోతుంటే ఆపడానికి కంట్రోల్. ఇవి చేతికొచ్చేదాకా ఇంకేమీ చెప్పను.

ఇవి వచ్చాక విద్యార్థిని బయటికి పంపి, కంప్యూటర్‌ని చిందరవందర చేసి పెడతాం. మూడు విండోలు తెరిచి, ఒకదాంట్లో మెనూ సగం దించి, క్యాప్స్ లాక్ వేసి, ‘సేవ్ చేయాలా’ అని అడిగే పెట్టె ఒకటి పైకి తెచ్చి ఉంచుతాం. లోపలికొచ్చి కూర్చుని, ఎక్కడున్నాడో ముందు నోటితో చెప్పాలి. తర్వాత తను రాస్తున్న ఉత్తరానికి చేరుకోవాలి. మేం మాట్లాడం, చేతులు వెనక్కి కట్టుకుంటాం. మొదట్లో చాలాసేపు పడుతుంది. చూపున్న శిక్షకులకి ఆ నిశ్శబ్దం భరించడం కష్టం, సమాధానం తెర మీద కనబడుతూనే ఉంటుంది కదా, నోరు ఊరుకోదు. అలాంటివాళ్లకి నేను చెప్పేది ఒకటే: మానిటరు ఆపేయండి. మీరూ వినండి. అప్పుడు ‘ఆ కుడిపక్క పచ్చ బటన్’ లాంటి మాటలు మీ నోట రావు.

ట్యాబ్ మీటకీ బాణం మీటలకీ తేడా ఎప్పుడు అర్థమైతే అప్పుడు సగం కోర్సు అయినట్టే. నేను ఇలా చెబుతాను. ట్యాబ్ మనల్ని వీధిలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తీసుకెళ్తుంది, బాణం ఆ ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి. జిల్లా ఎంచుకోమనే జాబితా దగ్గరకి ట్యాబ్‌తో వస్తాం, జాబితా లోపల జిల్లాల మధ్య బాణంతో తిరుగుతాం. కొత్తవాళ్లు ఇంట్లో ఉండగానే ట్యాబ్ కొట్టి బయటపడిపోతుంటారు, జిల్లాలు వినబడటం లేదేమని అడుగుతారు. అదే జాబితాలో ‘శ్రీకాకుళం’ కావాలంటే ఎస్ కొడితే ఎస్‌తో మొదలయ్యే పేర్ల దగ్గరికి దూకుతుందని చెప్పినప్పుడు వాళ్ల ముఖాల్లో వచ్చే సంతోషం నాకు చాలా ఇష్టం.

అన్నిటికన్నా కష్టమైన పాఠం వెబ్ పేజీ. ఇక్కడ స్క్రీన్ రీడర్ రెండు తీరుల్లో పనిచేస్తుంది. ఎన్.వి.డి.ఎ.లో చదివే తీరులో ఉన్నప్పుడు హెచ్ కొడితే తర్వాతి హెడింగుకి, కె కొడితే తర్వాతి లింకుకి, టి కొడితే పట్టికకి, ఇ కొడితే రాయడానికి వీలైన గడికి దూకుతుంది. నింపే తీరులోకి వెళ్లాక అదే హెచ్ అక్షరంగా గడిలో పడుతుంది. ఒకే మీట, ఒకే పేజీ, రెండు ఫలితాలు. ఎన్.వి.డి.ఎ. తీరు మారినప్పుడల్లా ఒక చిన్న చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు చెవికి పట్టకపోతే విద్యార్థి తన పేరు టైపు చేశాననుకుంటాడు, పేజీ మాత్రం అక్షరానికో దూకు దూకుతూ పోతుంటుంది. మళ్లీ ‘సార్, పోయింది.’ ఎన్.వి.డి.ఎ.లో తీరు మార్చే మీట, ఇన్సర్ట్‌తో స్పేస్, చెప్పడం తేలిక. తేడాని అనుభవంలోకి తేవడానికి మాత్రం కొన్ని రోజులు దానిమీదే ఉండాలి. నేనైతే ఇక్కడ తొందరపడను.

పేజీని పై నుంచి కింది దాకా వినడం చాలామంది అలవాటు చేసుకుంటారు. అది మాన్పించాలి. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ 2009 నుంచి స్క్రీన్ రీడర్ వాడేవాళ్లని సర్వే చేస్తోంది. పెద్ద పేజీలో కావలసింది వెతకడానికి మొదట ఏం చేస్తారంటే హెడింగులు పట్టుకుని వెళ్తామని చెప్పేవాళ్లే అందులో ఎక్కువ. ఆరితేరినవాళ్ల అలవాటుని కొత్తవాళ్లకి మొదటి రోజుల్లోనే ఇవ్వాలి. తెలియని పేజీ తెరవగానే హెడింగులు విను, ఆ తర్వాత నిర్ణయించుకో. ఇది కూడా దింపేసి వెళ్లే పరీక్షే. ఏదో కాలేజీ వెబ్‌సైటు తెరిచి పెట్టి, ప్రవేశాలకి ఆఖరు తేదీ కనుక్కోమంటాం.

పుట్టుకతో చూపులేని పిల్లలకీ మధ్యలో చూపు పోయినవాళ్లకీ ఒకే పాఠం చెప్పకూడదు. బ్యాంకులో ఇరవయ్యేళ్లు పనిచేసి రెటీనా దెబ్బతిన్న మనిషికి తెర మీద ఏది ఎక్కడుంటుందో మనసులో ఉంది. ఆయన కష్టం వేరు, చెయ్యి మౌస్ కోసం వెతుక్కుంటుంది, చెవి ఇంకా అలవాటు పడలేదు. పిల్లలకి చెవి అద్భుతంగా ఉంటుంది, కానీ ఒక విండో వెనుక ఇంకో విండో ఉండటమనే మాట గాలిలో మాటే. వాళ్లకి అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైదాన్ని తీసి కిందికి పెట్టి, ఆల్ట్ ట్యాబ్ చేసేది ఇదే అని చేతులతో చూపించాలి. తెరలో పైనా కిందా కుడీ ఎడమా ఉన్నది వాళ్ల చెవికి ముందూ వెనకాగా మాత్రమే చేరుతుందని మనం గుర్తుంచుకోవాలి.

ఇక తెలుగు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మనం తప్ప ఇంకెవరూ పట్టించుకోని భాగమిది. ఎన్.వి.డి.ఎ.తో పాటే వచ్చే ఈ-స్పీక్ అనే గొంతుకి తెలుగు వచ్చు. రేకుల డబ్బాలోంచి వచ్చినట్టుంటుందని మొదట అందరూ విసుక్కుంటారు. నా అభిప్రాయం వేరు. కీబోర్డుతో తిరిగేటప్పుడు మీట నొక్కిన మరుక్షణం జవాబు రావాలి, వేగం పెంచినా మాట చెదరకూడదు. అనుభవమున్నవాళ్లు నిమిషానికి 400 మాటలకి పైగా వింటారు. కథ వినడానికి తీయని గొంతు పెట్టుకోండి, పని చేయడానికి చురుకైనది వాడండి. కొత్తవాళ్లకి మాత్రం వేగం తగ్గించి మొదలుపెట్టి, వాళ్లంతట వాళ్లు విసుగు పుట్టి పెంచుకునేదాకా మనం తాకకూడదు.

కొన్ని ఇబ్బందులకి గొంతుని తప్పుపట్టలేం. తెలుగు పేజీ తయారుచేసినవాళ్లు లోపల ‘ఇది తెలుగు’ అని ఒక గుర్తు పెట్టాలి. పెట్టకపోతే, ఇంగ్లీషు గొంతు మన అక్షరాల్ని మింగేస్తుంది, లేదంటే ఏవో సంకేతాలుగా చదువుతుంది. యూనికోడ్ రాకముందటి డి.టి.పి. ఫాంట్లతో కూర్చిన పుస్తకం ఫైలు ఇస్తే ఇంకా ఘోరం. కంటికి చక్కటి తెలుగు, కంప్యూటర్‌కి మాత్రం అది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గుంపు. మన ప్రచురణకర్తల దగ్గర ఇప్పటికీ అలాంటి ఫైళ్లు గుట్టలుగా ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లున్నాయి, మార్చాక తప్పులు దిద్దే మనుషులు కావాలి. ఈ సభలో రచయితలున్నారు. మీ పుస్తకం యూనికోడ్ ప్రతి ఒకటి ఏదైనా అంధుల గ్రంథాలయానికి ఇవ్వండి. వేలమంది చేతుల్లోకి వెళ్తుంది.

తెలుగు టైపు చేయడానికి నేను ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్పుతాను. ఇంగ్లీషు స్పెల్లింగుతో తెలుగు రాసే పద్ధతులు తేలికగా మొదలవుతాయి, కానీ స్క్రీన్ రీడర్ సగం మాటలో ఏం పలుకుతుందో తెలియక తికమక పడతారు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒక మీటకి ఒక అక్షరం, ఒక గుణింతం. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువ భాగం కుడి చేతికి. షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి. ‘అమ్మ’ వచ్చింది. మధ్యలో ఆ డి పొల్లు, దాంతోనే ఒత్తు తయారవుతుంది. బ్రెయిల్ చదివిన పిల్లలకి ఇది ఇట్టే పడుతుంది, 1951లో స్థిరపడిన భారతీ బ్రెయిల్‌లో వాళ్లు అప్పటికే అక్షరాన్ని విడదీసి రాయడం నేర్చి ఉంటారు. చెవితో మాత్రమే చదువుకున్న పిల్లలకి ‘శ’ ఎక్కడో ‘ష’ ఎక్కడో తెలియదు, రెండూ ఒకేలా వినిపిస్తాయి. కంప్యూటర్ వచ్చింది కదా ఇక బ్రెయిల్ ఎందుకనే మాట నేను ఒప్పుకోను. బాణం మీటతో ఒక్కో అక్షరం విని సరిచూసుకునే ఓపిక, ఆ అక్షరం ఏదై ఉండాలో తెలిసినవాళ్లకే ఉంటుంది.

విద్యార్థి ఎంత బాగా నేర్చుకున్నా, గోడలు కట్టినవాళ్లు కట్టినచోట ఆగిపోవాల్సిందే. పేరు పెట్టని బటన్ల మీద ‘బటన్, బటన్, బటన్’ అని వినిపిస్తుంది. ఉత్తర్వుని కాగితంగా స్కాన్ చేసి బొమ్మగా పెడితే స్క్రీన్ రీడర్‌కి అది తెల్ల కాగితంతో సమానం. మౌస్‌తో క్లిక్ చేస్తే తప్ప కదలని అంకెల పలక పెట్టి పాస్‌వర్డ్ అడిగే పేజీలున్నాయి. ప్రతి పనీ కీబోర్డుతో అయ్యేలా ఉండాలని, ఒకచోట చేరాక బయటికి రాలేని ఉచ్చు ఉండకూడదని 2008 నాటి అంతర్జాతీయ వెబ్ ప్రమాణాల్లో కనీస స్థాయి నిబంధనలుగానే ఉంది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా అదే అడుగుతోంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఖాతా తెరవడానికి కెమెరా ముందు కళ్లార్పమనే పద్ధతికి ప్రత్యామ్నాయాలు ఉండాలంది. తరగతిలో దీనివల్ల ఒక బాధ్యత ఉంది. విద్యార్థి ఇరుక్కున్నప్పుడు అది తన పొరపాటా, పేజీ లోపమా అన్నది తేల్చుకోవడం కూడా నేర్పాలి. లేకపోతే ప్రతి గోడనీ తన చేతకానితనంగా లెక్కేసుకుంటారు. ఫిర్యాదు రాయడం మా దగ్గర ఒక అభ్యాసం. ఏ పేజీ, ఏ మీట నొక్కితే ఏం వినిపించింది, ఏం వినిపించాలి. ఈ మూడూ ఉంటే సరిచేసేవాడికి పని తేలిక.

ఫోన్లున్నాయి కదా అంటారు. నిజమే, ఇప్పుడు చాలామంది మొదట ఫోన్లలోని స్క్రీన్ రీడర్ అయిన టాక్‌బ్యాక్ నేర్చుకునే వస్తున్నారు, అది మంచిదే. పది పేజీల నివేదిక దిద్దడానికి, ఎక్సెల్ పట్టికలో గడి గడీ తిరగడానికి, ఆఫీసులో ఎనిమిది గంటలు కూర్చుని పని చేయడానికి ఇప్పటికీ కీబోర్డే కావాలి.

శిక్షకుల సంగతి. స్వయంగా స్క్రీన్ రీడర్‌తో బతుకుతున్న మనిషే మంచి గురువు. తరగతిలో ముందు కూర్చున్న గురువుకి కూడా చూపు లేదని తెలిసినప్పుడు కొత్త విద్యార్థి కుర్చీలో కూర్చునే తీరే మారుతుంది. చూపున్న శిక్షకులు అక్కర్లేదనను. కానీ అంధ పాఠశాలల్లో, కళాశాలల్లో కంప్యూటర్ పోస్టు ఖాళీ అయినప్పుడు మొదట ఎవరిని వెతకాలో యాజమాన్యాలకి తెలిసి ఉండాలి.

చివరగా పరీక్షల మాట. 2018 ఆగస్టు 29న కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు, వికలాంగ అభ్యర్థి రాత పరీక్షని కంప్యూటర్ మీద రాసుకునే వీలు కోరవచ్చన్నాయి. ఆ కంప్యూటర్‌ని ముందురోజు చూసుకునే అవకాశం కూడా ఇవ్వాలన్నాయి. పరీక్ష రాసిపెట్టే సహాయకుడు దొరకలేదనో, దొరికినవాడికి మన సబ్జెక్టు రాదనో బాధపడే పిల్లలు ఈ వెసులుబాటు అడగడం లేదు. చాలామందికి అలాంటిదొకటి ఉందని తెలియదు. తెలిసినవాళ్లు కొత్త కంప్యూటర్ ముందు చేతులాడవని భయపడతారు. ఆ భయానికి మందు మనం చెప్పుకున్న అభ్యాసమే. ఆ ముందురోజు అభ్యర్థి ఏం చూసుకోవాలో మా తరగతిలో వరసగా చేయిస్తాం. స్క్రీన్ రీడర్ ఏది, గొంతు ఏది, వేగం మార్చనిస్తోందా. ఏదీ లేకపోతే కంట్రోల్, విండోస్, ఎంటర్ కలిపి నొక్కితే విండోస్‌తో వచ్చే నేరేటర్ పలుకుతుందా. ఆదేశాల మీట ఇన్సర్టా, క్యాప్స్ లాకా. అంకెల మీటల దగ్గర నమ్ లాక్ వేసి ఉందా. తెలుగులో రాయాలంటే ఇన్‌స్క్రిప్ట్ పెట్టి ఉందా, తెలుగు గొంతు చదువుతోందా. రాసింది ఏ ఫోల్డర్‌లో, ఏ పేరుతో దాగుతుంది. హెడ్‌ఫోన్ తీగ వదులుగా ఉందా. ఇవన్నీ అరగంటలో అయిపోతాయి. ఈ జాబితాని తెలుగు బ్రెయిల్‌లోనూ యూనికోడ్‌లోనూ తయారుచేసి తెచ్చాను. ఈ ఏడాది పరీక్ష రాయబోయే పిల్లలు, వాళ్ల మాస్టార్లు సభ అయ్యాక నా దగ్గర తీసుకోండి.